పాలమూరు బండల మీద రెండు రోజులు

వనపర్తి జిల్లాలోనూ, నాగర్‌కర్నూల్ జిల్లా పడమటి భాగంలోనూ నేల మీద తేలిన గుట్టలు దాదాపు అన్నీ గ్రానైటువే. సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట భూమి లోతుల్లో కరిగి ఉన్న శిలాద్రవం నిదానంగా చల్లారి ఈ రాయిగా గట్టిపడింది. నిదానంగా చల్లారడం వల్లే ఇందులోని పలుకులు కంటికి కనిపించేంత పెద్దవయ్యాయి: గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్, నల్లని అభ్రకం. ఎండకూ వానకూ అభ్రకం ముందు అరిగిపోతుంది, గట్టి పలుకులు మాత్రం పైకి తేలి నిలుస్తాయి. బండను అరచేత్తో నిమిరితే గరుకుగా తగిలేవి అవే. వేలి గోరంత కూడా లేని ఆ పలుకుల మీద మనిషి బరువంతా ఆనించి పైకి నడవడమే ఇక్కడి బండలెక్కే విద్యకు మూలం.

ఈ గుట్టల రూపాలకు కూడా కారణాలున్నాయి. పైనున్న మందమైన పొరలు కోట్ల ఏళ్లలో కొట్టుకుపోయాక, బరువు తగ్గిన గ్రానైటు పైకి ఉబ్బి ఉల్లిపొరల్లా పలకలు పలకలుగా విడిపోయింది. ఆ పలకలు జారిపోయిన చోట నున్నగా, ఏటవాలుగా, ఎకరాల కొద్దీ పరుపుబండలు మిగిలాయి. మరికొన్ని చోట్ల రాయిలో నిలువుగా, అడ్డంగా నెర్రెలు పడి, వాటిలో నీరు దిగింది. మూలలు మూడు వైపుల నుంచీ నానుతాయి కాబట్టి ముందు అవే కరిగాయి, నడుమ భాగం గుండుగా మిగిలింది. మట్టి కొట్టుకుపోయాక ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలిచిన గుండ్లు ఇలా పుట్టినవే. ఎవరో పనిగట్టుకుని ఎత్తి పెట్టారేమో అనిపించే బండలు నిజానికి ఎన్నడూ కదల్లేదు, వాటి చుట్టూ ఉన్నదే కదిలిపోయింది. పరుపుబండ, నెర్రె, గుండు అనే ఈ మూడు రూపాలకూ మూడు వేర్వేరు ఎక్కే పద్ధతులు ఏర్పడ్డాయి.

పాలమూరు అని పిలిచే పాత మహబూబ్‌నగర్ జిల్లా అంతా ఒకే తీరు నేల కాదు. గద్వాల చుట్టూ కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డ ఎక్కువగా చదునైన సేద్యపు నేల. గద్వాల కోట కూడా మైదానంలోనే ఉంది. తూర్పున నల్లమలలో, అమ్రాబాద్ పీఠభూమి మీద రాయి వేరు. అక్కడివి గ్రానైటు గుండ్లు కావు, పొరలు పొరలుగా పరుచుకున్న క్వార్ట్జైటు చరియలు. ఈ రెంటి నడుమ వనపర్తి, ఖిల్లా ఘనపురం, పానగల్ వైపు ఉన్న భాగమే గ్రానైటు ఎక్కేవారికి అసలైన నేల. ఘనపురం కోటను రెండు గుట్టలను కలుపుతూ కట్టారు. కృష్ణకు ఉత్తరాన ఉన్న పానగల్‌ను 15వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఫిరోజ్ షా బహమనీ రెండేళ్లపాటు ముట్టడించి కూడా పట్టలేకపోయాడని చరిత్ర గ్రంథాలు చెబుతాయి. గోడలను మించిన రక్షణ ఆ బండల ఏటవాలే ఇచ్చి ఉంటుంది. బూటు కాలు నిలవని చోట ముట్టడి సామగ్రిని ఎక్కించడం ఎంత కష్టమో అక్కడ ఒక గంట నడిచినవారికి చెప్పనక్కర్లేదు.

ఈ ప్రాంతంలో బండలెక్కడం ఎప్పుడూ బతుకుతెరువుతోనే ముడిపడి ఉంది. తప్పిపోయిన మేకపిల్ల కోసం కాపరులు చెప్పులు విడిచి పరుపుబండలెక్కుతారు. గీత కార్మికులు మోకు నడుముకు చుట్టి తాటిచెట్లు ఎక్కుతారు. వీటన్నిటికంటే సాహసమైనది నల్లమల చెంచుల తేనె కోత. పెద్ద జాతి తేనెటీగలు మనిషికి అందని చరియల కడుపులో, గాలికి తెరిచిన ఒకే ఒక పెద్ద పట్టు పెడతాయి. దాన్ని కోయడానికి చెంచు యువకుడు చరియ పైనుంచి తాడు పట్టుకుని కిందికి దిగుతాడు. ఆకులు, గడ్డి కట్టి రగిల్చిన పొగతో ఈగలను తొలగిస్తాడు. పైన తాడు దగ్గర కాపలా ఉండే మనిషి అతని బావమరిది కావాలన్నది చెంచుల్లో చెప్పుకునే ఆనవాయితీ. తన అక్క పసుపుకుంకుమలు ఆ తాడుతో ముడిపడి ఉన్నాయి కాబట్టి ఆ చేయి వదలదని నమ్మకం. మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ 1940లో అమ్రాబాద్ పీఠభూమి మీద చెంచులతో కలిసి తిరిగి, 1943లో వారి జీవితం మీద పుస్తకం ప్రచురించాడు. అతను చూసిన అడవి బతుకులో చాలా మారినా, ఎక్కేవాడి ప్రాణానికి తాడు పట్టినవాడు పూచీ అన్న సూత్రం మాత్రం మారలేదు. ఈనాటి క్లైంబింగ్‌కూ అదే పునాది.

సరదా కోసం, వ్యాయామం కోసం బండలెక్కడం తెలుగు నేల మీద ప్రధానంగా హైదరాబాద్ నుంచి వ్యాపించింది. నగరం చుట్టూ ఉన్న గుండ్లు, హైదరాబాద్ విశ్వవిద్యాలయ ఆవరణలోని బండలు తొలి పాఠశాలలయ్యాయి. శనివారం తెల్లవారుజామున బయలుదేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరే మిత్రబృందాల అలవాటును గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ వంటి సంఘాలు పెంచాయి. భువనగిరిలోని ఏకశిల మీద శిక్షణ కేంద్రం ఏర్పడింది. సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ అక్కడే తొలి పాఠాలు నేర్చుకుని, 2014 మే 25న ఎవరెస్ట్ శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. హిమాలయాలను ఎన్నడూ చూడని పిల్లలకు కాలు నిలపడం, తాడును నమ్మడం నేర్పింది ఈ దక్కను గ్రానైటే. గద్వాలకు నైరుతిగా తుంగభద్ర వెంట పోతే వచ్చే హంపి గుండ్లు కూడా ఈ రాతి కుటుంబానివే. 2003లో అమెరికన్ క్లైంబర్ క్రిస్ షార్మా అక్కడ ఎక్కిన దృశ్యాలతో వచ్చిన ‘పిల్‌గ్రిమేజ్’ అనే సినిమా తర్వాత ఆ బండలకు ప్రపంచం నలుమూలల నుంచి క్లైంబర్లు రావడం పెరిగింది. హంపిలో దొరికే రాయే వనపర్తి గుట్టల్లోనూ ఉంది, రద్దీ మాత్రం లేదు.

మూడు పద్ధతుల్లో మొదట నేర్వాల్సింది పరుపుబండ. ఏటవాలుగా ఉండే ఈ బండ మీద పట్టుకోవడానికి ఏమీ ఉండదు. చేతులు పనికిరావు, నిలబెట్టేది కాలి కింది రాపిడి ఒక్కటే. రబ్బరు అడుగున్న క్లైంబింగ్ బూటు ముందు భాగాన్ని బండ మీద పరిచినట్టు ఆనించి, మడమను కిందికి దించాలి. అలా చేస్తే ఎక్కువ రబ్బరు రాతికి తగులుతుంది. శరీరం బండకు అతుక్కోకుండా, నడుము కొంచెం వెనక్కి ఉండాలి. కొత్తవారు భయంతో సరిగ్గా దీనికి వ్యతిరేకంగా చేస్తారు. బండను కావలించుకుంటారు. అప్పుడు బరువు పాదాలను రాతిలోకి నొక్కడం మాని కిందికి లాగుతుంది, కాలు జారుతుంది. నిలువుగా నిలబడితేనే రాపిడి పనిచేస్తుందన్నది మాటల్లో అర్థమైనా, ఒళ్లు నమ్మడానికి ఒక పూట పడుతుంది. ఆ నమ్మకం కుదిరిన క్షణాన కొత్తవారి నడకే మారిపోతుంది. ఈ విద్యలో అంతకంటే పెద్ద సంతోషం మరొకటి లేదనే చెప్పాలి.

అడుగులు చిన్నవిగా వేయాలి. పెద్ద అడుగు వేస్తే బరువు ఒక్కసారిగా ఒక కాలి నుంచి మరో కాలికి మారి పట్టు తప్పుతుంది. పైకి చూడటం కంటే కాళ్ల దగ్గర చూడటం ముఖ్యం: ఒక పలుకు గుంపు, బొటనవేలు పట్టే చిన్న గుంట, ఏటవాలు కాస్త తగ్గిన చోటు. బండ మీద నల్లగా దిగే చారలు వాన నీరు పారే దారులు. అక్కడ పెరిగిన సన్నని నాచు ఎండినప్పుడు పరవాలేదు గానీ, తడిస్తే సబ్బులా జారుతుంది. చల్లని పొడి గాలిలో రబ్బరు పట్టు ఎక్కువ, వేడి బండ మీద తక్కువ. చెమట పట్టిన వేళ్లు మరీ తక్కువ. అందుకే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ ఎక్కడానికి అనువైన కాలం, అందులోనూ పొద్దు పొడిచిన తర్వాత మూడు గంటలు, పొద్దు వాలే ముందు రెండు గంటలు. మధ్యాహ్నం ఎండలో ఎక్కడానికి పట్టుదల చూపడం వల్ల చర్మం పోవడం తప్ప ఫలితం లేదు.

నెర్రెలు ఎక్కే పద్ధతి పూర్తిగా వేరు. ఇక్కడ రాయిని పట్టుకోరు, శరీరాన్ని రాతిలో ఇరికిస్తారు. వేళ్లు పట్టే సందైతే వేళ్లను దూర్చి మోచేతిని కిందికి తిప్పుతారు. అరచేయి పట్టే సందైతే చేతిని లోపలికి పెట్టి బొటనవేలిని అరచేతిలోకి ముడుస్తారు. కండ ఉబ్బి చేయి సందులో బిగుసుకుంటుంది. పాదాన్ని పక్కకు ఒరిగించి దూర్చి, అడుగు కిందికి వచ్చేలా తిప్పితే అది మెట్టులా నిలుస్తుంది. మొదట్లో నొప్పి తప్పదు. చేతి వెనక చర్మం లేచిపోకుండా గట్టి టేపు చుట్టుకుంటారు. చేయి పెట్టే ముందు లోపల ఏముందో టార్చి వేసి చూడాలి. తేళ్లు, జెర్రులు, గబ్బిలాలు, అప్పుడప్పుడు పాములు ఆ నీడలో ఉంటాయి.

గుండ్లను తాడు లేకుండా ఎక్కే బౌల్డరింగ్‌కు నాలుగైదు మీటర్ల ఎత్తు చాలు. ఫ్రాన్సులో పారిస్ దగ్గరి ఫాంటెన్‌బ్లో అడవిలో, అమెరికాలో 1950ల నుంచి జాన్ గిల్ చేతుల్లో ఇది ప్రత్యేక క్రీడగా ఎదిగింది. జిమ్నాస్టిక్స్ నుంచి మెగ్నీషియం కార్బొనేట్ పొడిని, అంటే క్లైంబర్లు చాక్ అనేదాన్ని, బండల మీదికి తెచ్చింది గిల్లే. టోక్యో ఒలింపిక్స్‌లో, 2021లో, పతకాల క్రీడగా మారిన క్లైంబింగ్‌లో బౌల్డరింగ్ ఒక భాగం. కానీ పాలమూరు గుండు మీద పోటీ వాతావరణం ఉండదు. ఒక గుండు చుట్టూ ఐదారుగురు మిత్రులు చేరి, ఏ కాలు ముందు, ఏ చేయి తర్వాత అని వాదించుకుంటారు. పొట్టివారికి అందని పట్టు పొడుగువారికి అందుతుంది, పొడుగువారు ముడుచుకోలేని చోట పొట్టివారు సులువుగా దూరిపోతారు. ఒకే బండకు ఇద్దరు రెండు జవాబులు కనిపెట్టడం మామూలే.

బౌల్డరింగ్‌లో ప్రతి పడటం నేల మీదికే. అందుకే ఎక్కడం కంటే ముందు మూడు పనులుంటాయి. గుండు మీది నుంచి దిగే దారి ఎటో చుట్టూ తిరిగి చూసుకోవాలి. కింద రాళ్లు, మొద్దులు తీసివేసి మందమైన క్రాష్ ప్యాడ్ పరచాలి. కింద ఒకరు చేతులు చాచి నిలబడాలి. ఆ మనిషి పని పడేవారిని ఎత్తి పట్టుకోవడం కాదు, తల, వెన్ను రాతికి తగలకుండా ప్యాడ్ వైపు నెట్టడం. పట్టుకోబోయే పలకను ముందు పిడికిలితో తట్టి చూడాలి. గట్టి రాయి మొద్దుగా పలుకుతుంది, విడిపోయిన పలక డొల్లగా మోగుతుంది. రాయి కొట్టే వడ్డెరలు తరతరాలుగా వాడే పరీక్ష ఇదే.

నాలుగైదు మీటర్ల కంటే ఎత్తైన బండకు తాడు తప్పదు. ఇక్కడి గుట్టల్లో ఒక అనుకూలత ఉంది: ముందువైపు నిలువుగా ఉన్న బండకు వెనకవైపు నడిచి ఎక్కే దారి సాధారణంగా దొరుకుతుంది. అనుభవమున్న ఇద్దరు అలా పైకి వెళ్లి, అక్కడ కట్టిన ఆధారం గుండా తాడు దూర్చి రెండు కొసలూ కిందికి వేస్తారు. ఎక్కేవారికి తాడు ఎప్పుడూ పైనుంచే ఉంటుంది కాబట్టి జారినా తాడు సాగినంత మేరకు, కొద్దిగా మాత్రమే కిందికి దిగుతారు. దీన్నే టాప్‌రోప్ అంటారు. మిత్రబృందాల రెండు రోజుల యాత్రకు ఇదే తగినది. కింది నుంచి తాడు తీసుకుపోతూ ముందుండి ఎక్కే లీడ్ క్లైంబింగ్ వారాంతంలో నేర్చుకునే పని కాదు.

పైన తాడు కట్టే చోటును యాంకర్ అంటారు. అందరి ప్రాణాలూ వేలాడేది దాని మీదే. ఒకే ఆధారాన్ని ఎంత గట్టిదైనా నమ్మకూడదు, రెండు మూడు వేర్వేరు ఆధారాలు ఉండాలి. గుండును ఎంచుకుంటే అది పరుపుబండ మీద ఊరికే ఆనుకుని ఉందా, కింది రాతితో ఒకటిగా ఉందా చూడాలి. చెట్టైతే బండ మీది పలుచని మట్టిలో వేళ్లు ఎంత లోతు దిగాయో చూడాలి. ఈ ఆధారాల నుంచి వచ్చే పట్టీలు కలిసే చోట కోణం 60 డిగ్రీలు దాటకుండా కట్టాలి. దీని వెనక లెక్క ఉంది. 60 డిగ్రీల దగ్గర రెండు పట్టీల్లో ఒక్కోదాని మీద సుమారు 58 శాతం బరువు పడుతుంది. 120 డిగ్రీలకు విప్పితే ఒక్కోదాని మీద పూర్తి బరువు పడుతుంది, రెండు కట్టిన ప్రయోజనమే పోతుంది. తాడు బండ అంచు మీద రాసుకునే చోట పాత గోనెసంచో, మందపాటి గుడ్డో వేయాలి. గ్రానైటు పలుకులు తాడును రంపంలా కోస్తాయి.

తాడు విషయంలో ఏ రాజీ పనికిరాదు. క్లైంబింగ్‌కు వాడే డైనమిక్ తాడు పడ్డప్పుడు సాగి కుదుపును మింగుతుంది. దాని లోపల భారం మోసే నారపోగులు, పైన వాటిని కాపాడే అల్లిక ఉంటాయి. బోరు మోటారు దించే తాడు, లారీకి కట్టే తాడు బరువు మోసినా కుదుపును మింగలేవు, ఎక్కడ అరిగాయో చెప్పలేం. వాటిని నడుముకు కట్టుకోవడం ప్రాణాంతకం. నడుముకు, తొడలకు బిగించే హార్నెస్, దానికి రెండుసార్లు తిప్పి కట్టే ఎనిమిది ముడి, తలకు హెల్మెట్ ఉండాల్సిందే. ఎక్కే ముందు ఇద్దరూ ఒకరి ముడిని, బకిల్‌ను, కారబైనర్ అనే లోహపు కొక్కెం తాళాన్ని ఒకరు చేతితో తాకి చూస్తారు. ఇరవై ఏళ్ల అనుభవమున్నవారికీ ఇది మినహాయింపు లేని నియమం. ప్రమాదాలు ఎక్కువగా తెలియక జరిగేవి కావు, తెలిసినవారు చూసుకోకపోవడం వల్ల జరిగేవి.

కింద తాడు పట్టే మనిషిని బిలేయర్ అంటారు. చెంచుల బావమరిది పని ఇతనిదే. ఎక్కేవారు పైకి పోతున్నకొద్దీ తాడును పట్టి ఆపే బిలే పరికరం గుండా వదులును లాగుతుండాలి. పరికరం దాటి వచ్చిన తాడును పట్టే బ్రేకు చేయి ఒక్క క్షణం కూడా తాడును విడువకూడదు. ఫోను, కబుర్లు, ఫొటోలు ఆ సమయంలో నిషేధం. ‘బిలే ఉందా?’, ‘ఉంది, ఎక్కు’, ‘తాడు లాగన్నా’, ‘కొంచెం వదులు’ అనే నాలుగు మాటలతో మొత్తం వ్యవహారం నడుస్తుంది. గాలి హోరులో వినపడని చోట తాడు లాగే సైగలు ముందే అనుకుంటారు. పదేళ్ల స్నేహంలో తెలియని సంగతి ఒక్క తాడు దగ్గర తెలుస్తుంది: ఎవరు నిజంగా చూస్తున్నారు, ఎవరు చూస్తున్నట్టు ఉన్నారు అన్నది. ఈ విద్య విలువ కండబలంలో కంటే ఈ శ్రద్ధలోనే ఎక్కువగా ఉంది.

తాడు మీద కిందికి దిగే రాపెలింగ్ చూడటానికి సులువు, కొత్తవారికి ఎక్కువ ఇష్టం. కానీ ఎక్కేటప్పుడు తాడు పొరపాటును సరిదిద్దే అవకాశం ఇస్తుంది, దిగేటప్పుడు శరీరం మొత్తం మొదటి నుంచీ తాడు మీదే ఉంటుంది. తాడు కొస నేలకు చేరిందో లేదో చూడకుండా దిగినవారు కొస నుంచి జారిపోయిన ఘటనలు ప్రపంచమంతటా ఉన్నాయి. అందుకే కొసల్లో ముడి వేస్తారు. చేయి వదిలినా ఆగేలా సన్నని తాడుతో ప్రూసిక్ ముడి కడతారు. ఆస్ట్రియాకు చెందిన కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రచారంలోకి తెచ్చిన ఈ ముడి బరువు పడితే బిగుస్తుంది, బరువు తీస్తే జరుగుతుంది.

ఈ పరికరాలు సరదాకే పరిమితం కాలేదు. తాటిచెట్టు మీద నుంచి పడి గీత కార్మికులు చనిపోవడం, నడుములు విరగడం తెలంగాణ పల్లెల్లో పాత దుఃఖం. 2024లో రాష్ట్ర ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో వారికి భద్రతా కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మోకు పట్టు తప్పినా మనిషి కిందపడకుండా ఆపే తాళ్లు, పట్టీలు అందులో ఉన్నాయి. పర్వతారోహణ నుంచి వచ్చిన ఆలోచన తాటివనంలో మనిషిని కాపాడటం ఈ విద్యకు దక్కిన గొప్ప ప్రయోజనం.

రాత్రి బసకు చోటు ఎంచడం కూడా ఎక్కడమంత జాగ్రత్తగా చేయాలి. పరుపుబండ మీద గుడారపు మేకులు దిగవు. తాళ్లను రాళ్లకు చుట్టి బిగించాలి. నిలబెట్టినట్టున్న గుండ్ల కింద, నల్లచారలున్న నీటి దారిలో పడుకోకూడదు. పగలంతా కాగిన బండ మొదటి జామున వెచ్చగా ఉన్నా, తెల్లవారేసరికి ఎముకలు కొరికే చలి పుడుతుంది. ఒంటి కింద మందపాటి చాప ఉండాలి. గుట్టల మీద వాన నీరు నిలిచే దొనలు ఉంటాయి. అవి గొర్రెలకూ, కోతులకూ, నెమళ్లకూ, అప్పుడప్పుడు చిరుతకూ తాగునీరు. వాటిలో గిన్నెలు కడగడం, సబ్బు వాడటం చేయకూడదు. మనిషికి రోజుకు నాలుగైదు లీటర్ల చొప్పున నీళ్లు కింది నుంచే మోసుకుపోవాలి. ఆ బరువు చూసే చాలామంది మొదటిసారి తక్కువ తీసుకెళ్తారు, అందుకే ఆదివారం పొద్దున తలనొప్పితో లేస్తారు.

వంటకు చిన్న గ్యాస్ పొయ్యి చాలు. బండ మీద మంట వేస్తే వేడికి పై పొర పెచ్చులుగా లేచిపోతుంది, ఆ నల్లటి మచ్చ ఏళ్ల తరబడి ఉంటుంది. చలికాలంలో గుట్ట మీది బోదగడ్డి ఎండి ఉంటుంది, ఒక నిప్పురవ్వ మేత మొత్తాన్ని కాల్చేయగలదు. ఈ సీమ తిండి బండల మీదికి బాగా సరిపోతుంది. జొన్నరొట్టెలు, పచ్చిమిరప తొక్కు, పల్లీల పొడి రెండు రోజులు చెడవు. వేయించిన పాలమూరు పల్లీలు గుప్పెడు తింటే మరో గంట ఎక్కే సత్తువ వస్తుంది. దసరా, దీపావళి నడుమ వెళ్లినవారికి గుట్టల పొడవునా తనంతట తాను మొలిచిన సీతాఫలాలు ఎదురవుతాయి. దేశమంతా పేరున్న బాలానగర్ రకం ఈ పాత జిల్లా నేలదే.

పాము కరిచే, తేలు కుట్టే ప్రమాదం ఉదయం బూట్లు దులిపి వేసుకోవడంతో, రాత్రి టార్చి లేకుండా నడవకపోవడంతో చాలావరకు తప్పుతుంది. పాము కరిస్తే కట్లు కట్టడం, గాటు పెట్టడం మాని, కదలకుండా పడుకోబెట్టి 108కు ఫోను చేసి ఆసుపత్రికి చేర్చడమే మార్గం. అన్నిటికంటే నిజమైన ప్రమాదం తేనెటీగలది. పెద్ద తేనెటీగల పట్లు చరియల కింద, కోట గోడలకు వేలాడుతూ ఉంటాయి. ఒక ఈగ కుడితే వెలువడే వాసన మిగతావాటిని పిలుస్తుంది. పట్టు కనిపించిన చరియను ఆ ఏడాదికి వదిలేయడమే పద్ధతి. పొగ, అత్తరు, అరుపులు వాటి దగ్గరకు తీసుకుపోకూడదు. అవి లేచాక చేతులు విసరకుండా ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తాలి. తాడు మీద ఉన్నప్పుడు అవి లేస్తే తప్పించుకునే దారే ఉండదు.

ఎక్కడ ఎక్కవచ్చు, ఎక్కడ ఎక్కకూడదు అన్నదానికి గీతలున్నాయి. నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ రాత్రి బస చేయడం నేరం. ఫరహాబాద్ వైపు అటవీశాఖ చూపించే దారుల్లోనే తిరగాలి. కోటలున్న గుట్టల మీద గోడలను, చెక్కడాలను ఎక్కకూడదు, వాటికి తాళ్లు కట్టకూడదు. గుట్ట నెత్తిన లింగమయ్యో నరసింహుడో ఆంజనేయుడో ఉంటే ఆ బండ దగ్గర చెప్పులు విప్పి, ఎక్కే పని మరో చోట చూసుకోవాలి. శనివారం పొద్దున గుట్ట కింది ఊరిలో ఆగి పెద్దమనుషులతో మాట్లాడటం మర్యాద, అది ఆపదలో అక్కరకు కూడా వస్తుంది. రాత్రి గుట్ట మీద టార్చి వెలుగు చూసి గుప్తనిధుల కోసం తవ్వేవారనుకుని ఊరు కదిలి రావడం ఈ సీమలో జరగని పని కాదు. తిరుగు ప్రయాణంలో పెబ్బేరు దగ్గర జాతీయ రహదారి వదిలి శ్రీరంగాపూర్ వెళ్తే, వనపర్తి సంస్థానాధీశులు కట్టించిన రంగనాయకస్వామి ఆలయం రంగసముద్రం నీళ్ల ఒడ్డున కనిపిస్తుంది. రెండు రోజులు బండను చేతులతో చదివినవారికి ఆ గోపురాల, మండపాల రాతిపని కొత్త కళ్లతో కనిపిస్తుంది.

ఎక్కిన గుర్తు మిగలకపోవడం ఈ విద్యలో ఒక నియమం. బండ మీది తెల్లని చాక్ గుర్తులను మెత్తని బ్రష్‌తో తుడుస్తారు. పట్టు కోసం రాయిని చెక్కరు, రంగుతో పేర్లు రాయరు, మేకులు కొట్టరు. ఇంత జాగ్రత్త చేసే చోటే క్వారీ యంత్రాలు గుట్టలకు గుట్టలను పలకలుగా కోసి లారీలకెత్తడం బాధ కలిగించే సంగతి. 250 కోట్ల ఏళ్ల రాయి వంటింటి గట్టుగా మారాక తిరిగి గుట్ట కాదు. హైదరాబాద్‌లో 1996లో ఏర్పడిన సొసైటీ టు సేవ్ రాక్స్ నగరం చుట్టూ బండల నడకలు నిర్వహిస్తూ, కొన్ని శిలాసమూహాలు వారసత్వ జాబితాలో చేరేలా పనిచేసింది. అటువంటి జాబితా వనపర్తి, నాగర్‌కర్నూల్ గుట్టలకూ రావాలి. క్లైంబర్లు తాము ఎక్కిన బండల పేర్లు, చోట్లు, ఫొటోలు రాసి ఉంచితే ఆ పనికి మొదటి ఆధారం దొరుకుతుంది.

నేర్చుకోదలచినవారు నేరుగా గుట్ట ఎక్కడం కంటే క్రమంగా వెళ్లడం మేలు. నగరంలోని కృత్రిమ గోడ మీద ముడులు, బిలే కొన్ని వారాలు సాధన చేయాలి. తర్వాత భువనగిరి వంటి చోట శిక్షకుల కింద అసలు రాయి మీద టాప్‌రోప్ ఎక్కాలి. మరింత లోతుగా వెళ్లేవారికి డార్జిలింగ్‌లో 1954లో మొదలైన హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశీలో 1965లో మొదలైన నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మౌంటెనీరింగ్ ప్రాథమిక కోర్సులు నడుపుతున్నాయి. బృందంలో ఎంతమంది ఉన్నా, యాంకర్ కట్టడం తెలిసినవారు కనీసం ఇద్దరు ఉండాలి: ఒకరు కట్టడానికి, మరొకరు దాన్ని తప్పుపట్టడానికి. ఆ ఇద్దరిలో ఒకరు రాలేకపోతే ఆ వారం తాడు బయటికి తీయకుండా చిన్న గుండ్ల మీద బౌల్డరింగ్‌తో సరిపెట్టుకుంటారు.